పాత వాల్వు రేడియో చేతికొచ్చిందా? ముందు ప్లగ్గు మాత్రం పెట్టకండి

ఊరికి వెళ్ళినప్పుడు అటక మీద దుమ్ము కొట్టుకుపోయిన రేడియో కనిపిస్తే, దాన్ని కారు వెనక సీట్లో పెట్టుకుని బెంగళూరు తెచ్చుకున్నవాళ్ళు దాదాపు అందరూ మొదట చేసే పని ఒకటే, పలుకుతుందో లేదో చూద్దామని ప్లగ్గు పెట్టడం. నేనూ అదే చేశాను. హిందూపురం దగ్గర మా మామ వాళ్ళింట్లో ముప్పై ఏళ్ళకు పైగా మూలన పడున్న సెట్టు అది. స్విచ్చు వేయగానే డయల్ వెలిగింది, అర నిమిషానికి స్పీకర్లో గుయ్‌మని మోత వచ్చింది, నేను సంబరంగా ఇంట్లోవాళ్ళందరినీ కేకేసి పిలుస్తున్నాను, ఇంతలో కాలిన లక్క వాసన, వెంటనే పొగ. స్పీకరుకు శబ్దం అందించే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఒక్క చిన్న కండెన్సర్ ముందే మార్చి ఉంటే అది నిక్షేపంగా ఉండేది, ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని మళ్ళీ చుట్టించుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

అందుకే ఇది రాస్తున్నాను. మీ సెట్టు ఇన్నేళ్ళు ఊరికే పడుంది కదా, ఇంకో రెండు వారాలు ఆగితే దానికేమీ కాదు.

ముందు భద్రత, ఇది వదిలేసి కిందికి వెళ్ళకండి

ట్రాన్సిస్టర్ రేడియోలు విప్పి అలవాటున్నవాళ్ళు కూడా వాల్వు సెట్టు దగ్గర జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఇందులో 250 వోల్టుల డీసీ ఉంటుంది, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. ప్లగ్గు తీసేసినా ఫిల్టర్ కండెన్సర్లలో, అంటే డీసీని నిలకడగా ఉంచే పెద్ద కండెన్సర్లలో, ఆ కరెంటు నిలవ ఉండిపోవచ్చు. లోపల చేయి పెట్టే ముందు ప్రతిసారీ, మళ్ళీ చెబుతున్నాను ప్రతిసారీ, 10 కిలో ఓమ్ 5 వాట్ల రెసిస్టర్‌కి రెండు వైపులా క్లిప్పులు అతికించి పెట్టుకుని, దాన్ని కండెన్సర్ ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య కొన్ని సెకన్లు తగిలించండి, తర్వాత మీటరుతో సున్నా వచ్చిందో లేదో చూడండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం కొందరికి అలవాటు, అది మంచిది కాదు, నిప్పురవ్వ లేచి కండెన్సరూ పాడవుతుంది, మీ కళ్ళకూ ప్రమాదం. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే ఒక చేయి వెనక్కి పెట్టుకోండి, కాళ్ళకు రబ్బరు చెప్పులు ఉండాలి, ఇంట్లో ఇంకొకరు మెలకువగా ఉండాలి. అర్ధరాత్రి అందరూ పడుకున్నాక ఒంటరిగా ఈ పని పెట్టుకోకండి.

ఇప్పుడు వెనక అట్ట తీసి వాల్వుల మీద, అంటే లోపలి గాజు గొట్టాల మీద, నంబర్లు చదవండి, రాసుకోండి. గాజు మీద అచ్చు తుడిస్తే చెరిగిపోతుంది కాబట్టి ముందు ఫోటో తీసుకున్నాకే దుమ్ము దులపండి. నంబరు ఇంగ్లీషు E (ఈ) అక్షరంతో మొదలైతే, అంటే ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈఎల్84, ఈజెడ్80 లాంటివైతే, హీటర్లన్నీ, అంటే వాల్వులను వేడిచేసే తీగలన్నీ, 6.3 వోల్టులవి, మామూలుగా లోపల పెద్ద మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. U (యూ) అక్షరంతో మొదలైతే, యూసీహెచ్81, యూఎల్84, యూవై85 అలా, కథ వేరు. ఆ హీటర్లు 100 మిల్లీ ఆంపియర్లతో ఒకదాని వెనక ఒకటి వరుసలో పనిచేస్తాయి, చాలావాటిలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, భాగాలన్నీ బిగించిన ఇనుప చట్రం, అంటే ఛాసిస్, నేరుగా మెయిన్స్‌లో ఒక వైరుకు కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్ మొత్తం ఫేజ్ అయిపోతుంది. నాబ్ ఊడిపోయి ఇనుప కడ్డీ బయటకు కనిపిస్తే అదీ షాక్ కొడుతుంది. మొదటిసారి ఈ పని చేసేవాళ్ళు యూ సెట్టు ముట్టుకోకండి, సెట్టుని మెయిన్స్ నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కున్నాక చూద్దురుగాని. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు.

సామాన్లు ఎక్కడ దొరుకుతాయి

బెంగళూరులో ఉన్నవాళ్ళకు ఈ విషయంలో అదృష్టం ఉంది. ఎస్.పి. రోడ్డు, అంటే సాదర్ పత్రప్ప రోడ్డులో రెసిస్టర్లు, కెపాసిటర్లు, సోల్డరింగ్ లెడ్డు, వైర్లు అతికించుకునే ట్యాగ్ స్ట్రిప్పులు అన్నీ దొరుకుతాయి, మెట్రోలో చిక్కపేటలో దిగితే నడిచి వెళ్ళిపోవచ్చు. దుకాణంలో కుర్రాళ్ళకు కెపాసిటర్ అనాలి, పాత మెకానిక్కులకు కండెన్సర్ అనాలి, వస్తువు ఒకటే. పనికి రాని సెట్లు, విడి నాబ్‌లు, స్పీకర్ల కోసం ఆదివారం పొద్దున్నే బి.వి.కె. అయ్యంగార్ రోడ్డు వైపు పరిచే సంతలో తిరగండి. ఆలస్యంగా వెళితే మంచివి ఉండవు. వాల్వులంటారా, ఒకప్పుడు అవి ఈ ఊళ్ళోనే తయారయ్యాయి, జాలహళ్ళిలోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. బీఈఎల్ అని అచ్చు ఉన్న వాల్వులు పాత మెకానిక్కుల డబ్బాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. చెన్నైలో ఉంటే రిచీ స్ట్రీట్‌కి వెళ్ళండి.

చేతిలో ఉండాల్సినవి: 1000 వోల్టుల డీసీ వరకు కొలిచే మంచి మల్టీమీటరు, 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్, కాంటాక్ట్ క్లీనర్, పెయింటు బ్రష్షు, కాగితం, పెన్సిలు. ఫోన్ కెమెరా ఉండనే ఉంది. ఒక్క వైరు విప్పే ముందు కూడా అన్ని వైపుల నుంచి ఇరవై ముప్పై ఫోటోలు తీసుకోండి, డయల్ దారం ఏ చక్రానికి ఎన్ని చుట్లు తిరిగిందో ప్రత్యేకంగా తీయండి, తెగాక దాన్ని గుర్తు తెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు.

శుభ్రం చేయడం

ఛాసిస్ బయటకు తీసి దుమ్ము బ్రష్షుతో దులపండి, నీళ్ళు వద్దు. గ్యాంగు, అంటే స్టేషన్ మార్చేటప్పుడు తిరిగే కండెన్సర్, దాని రేకుల మధ్య ఏదీ దూర్చకండి, అవి కొంచెం వంగినా స్టేషన్లు డయల్ మీద చోటు తప్పుతాయి. వాల్యూమ్ కంట్రోల్‌కీ బ్యాండు స్విచ్చుకీ కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పండి. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు వాడొద్దు, కార్బన్ ట్రాక్ పాడవుతుంది.

డయల్ అద్దం దగ్గర మాత్రం ఆగండి. దాని మీద మీటర్లు, ఊర్ల పేర్లు, కొలంబో, ఢిల్లీ, మద్రాసు అని రాసి ఉంటాయి చూడండి, ఆ అక్షరాలు చాలా సెట్లలో అద్దం వెనక పక్క వేసిన రంగు మాత్రమే. తడి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే మద్రాసు మీ గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది, మళ్ళీ రాయించడం అయ్యే పని కాదు. ముందు పక్క మాత్రమే తుడవండి, వెనక పక్క మెత్తటి బ్రష్షుతో దుమ్ము రాల్చి వదిలేయండి.

అసలు పని: కండెన్సర్లు

వాల్వులు చెడిపోయాయేమో అని అందరూ వాటినే అనుమానిస్తారు. నేను చూసిన సెట్లలో వాల్వులు చాలావరకు బాగానే ఉన్నాయి, చెడేవి కాగితం కండెన్సర్లు. మైనం పూసినట్టో, నల్లటి తారు పోసినట్టో కనిపించే గొట్టాలు అవి. లోపలి కాగితం ఏళ్ళ తరబడి తేమ పీల్చుకుని ఉంటుంది, డీసీని ఆపాల్సింది కాస్తా కొంచెం కొంచెంగా వదులుతుంది.

వాటన్నిటిలో ముందు మార్చాల్సింది, స్పీకరును నడిపే ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి, అంటే అందులో కరెంటును అదుపు చేసే జాలికి, వెళ్ళే కప్లింగ్ కండెన్సర్. మా సెట్టును కాల్చింది అదే. అది ముందు దశ వాల్వు ప్లేటు (పాజిటివ్ కొస) నుంచి శబ్దాన్ని మాత్రమే ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి పంపాలి, ప్లేటు మీద ఉన్న డీసీని ఆపాలి. లీకు అయితే గ్రిడ్ పాజిటివ్ వైపు వెళ్ళిపోతుంది, వాల్వు హద్దు లేకుండా కరెంటు లాగుతుంది, లోపల ప్లేటు ఎర్రగా కాలుతుంది, ఆ కరెంటంతా ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సన్నటి తీగలోంచే పోవాలి కాబట్టి అదీ మాడిపోతుంది. ఈఎల్84 అయితే రెండో పిన్ను గ్రిడ్. సాకెట్‌ని కింది నుంచి చూస్తూ, ఖాళీ ఉన్న చోటు నుంచి గడియారం ముల్లు తిరిగే వైపుకు లెక్కపెట్టండి. ఆ పిన్నుకు వచ్చే 0.01 లేదా 0.02 మైక్రోఫారడ్ కండెన్సర్ తీసి, అదే విలువకు దగ్గరగా ఉన్న 630 వోల్టుల పాలిస్టర్ ఫిల్మ్ కెపాసిటర్ పెట్టండి. పాత 0.05కి బదులు ఇప్పుడు 0.047 దొరుకుతుంది, తేడా ఏమీ ఉండదు.

తర్వాత మిగతా కాగితం కండెన్సర్లన్నీ మార్చండి, కానీ ఒక్కొక్కటిగా. ఒకటి తీయాలి, దాని చోట కొత్తది అతకాలి, కాగితం మీద టిక్కు పెట్టాలి, అప్పుడు రెండోది. పది ఒకేసారి తీసి బల్ల మీద పోసుకుని తర్వాత ఏది ఎక్కడిదో వెతుక్కున్నవాళ్ళను చూశాను, ఆ సెట్లు ఇప్పటికీ డబ్బాల్లోనే ఉన్నాయి. మైకా కండెన్సర్లనూ సెరామిక్‌వాటినీ ముట్టుకోవద్దు, అవి బాగుంటాయి, పైగా ట్యూనింగ్ సర్క్యూట్‌లో ఉన్నవాటిని కదిలిస్తే డయల్ లెక్క మారుతుంది. మెయిన్స్ వైరు నుంచి ఛాసిస్‌కి ఏదైనా కండెన్సర్ ఉంటే, దాని చోట వై2 అని రాసి ఉన్న సేఫ్టీ రకం మాత్రమే పెట్టాలి. మామూలుది పెట్టి అది షార్ట్ అయితే ఛాసిస్‌కి కరెంటు వస్తుంది.

ఇక ఫిల్టర్ కండెన్సర్లు. ఛాసిస్ మీద నిలబడి ఉండే అల్యూమినియం డబ్బాలో మామూలుగా 32+32 మైక్రోఫారడ్‌లు ఉంటాయి. డబ్బాను అందం కోసం అక్కడే ఉంచేసి, దాని వైర్లు విప్పేసి, కింద ట్యాగ్ స్ట్రిప్పు బిగించి 33 మైక్రోఫారడ్ 450 వోల్టులవి రెండు పెట్టండి. పాతదానికి సమాంతరంగా కొత్తది తగిలించి ఊరుకోకండి, పాతది లీకు అవుతూనే ఉంటుంది. పెద్దది పెడితే హమ్మింగ్ ఇంకా తగ్గుతుంది కదా అని 220 మైక్రోఫారడ్ పెట్టే ఆలోచన వస్తుంది, వద్దు, ఈజెడ్80 రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే వాల్వు) తర్వాత మొదటి కండెన్సర్‌కి 50 మైక్రోఫారడ్ హద్దు, దాటితే వాల్వు ఆయుష్షు తగ్గుతుంది. ఇంకో విషయం, కొన్ని సెట్లలో కండెన్సర్ మైనస్ నేరుగా ఛాసిస్‌కి కాకుండా ఒక చిన్న రెసిస్టర్ గుండా వెళుతుంది, ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి కావాల్సిన నెగటివ్ వోల్టేజి (బయాస్) అక్కడ తయారవుతుంది. పాతది ఎక్కడ కలిసి ఉందో కొత్తదీ అక్కడే కలవాలి, మీ తెలివి అక్కడ వాడొద్దు.

రెసిస్టర్ల సంగతి త్వరగా అయిపోతుంది. పాత కార్బన్‌వి వయసుతో విలువ పెరుగుతాయి, 220 కిలో ఓమ్‌ది 300 చూపిస్తే తీసేయండి, ఇరవై శాతం లోపు తేడా ఉంటే వదిలేయండి. రబ్బరు తొడుగు పెళుసై రాలిపోతున్న వైర్లు మార్చండి. మెయిన్స్ వైరు ఎలా ఉన్నా మార్చి ఫ్యూజు పెట్టండి.

బల్బు ద్వారా మొదటి కరెంటు

ఒక చెక్క మీద బల్బు హోల్డరు, దాని పక్కన సాకెట్టు బిగించండి. ఫేజ్ వైరు బల్బు గుండా వెళ్ళి సాకెట్టుకి రావాలి, న్యూట్రల్ నేరుగా. ఇందులో పాత రకం ఫిలమెంట్ బల్బే పెట్టాలి, ఎల్ఈడీ పనికిరాదు, వీధి చివర ఎలక్ట్రికల్ దుకాణంలో అడిగితే ఇప్పటికీ 60, 100 వాట్లవి ఇస్తారు. సెట్టులో ఎక్కడైనా షార్ట్ ఉంటే ఆ బల్బు నిండుగా వెలిగి కరెంటంతా తన మీద వేసుకుంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ బతికిపోతుంది.

ముందు వెనకపక్క వోల్టేజ్ ట్యాపింగ్, అంటే ఎన్ని వోల్టులకో ఎంచుకునే చోటు, చూడండి. 110 దగ్గర ఉందేమో, 220 దగ్గర ఉందేమో. మన ఇళ్ళలో ఇప్పుడు 230, ఒక్కోసారి 240 దాటుతుంది, కాబట్టి ఉన్నవాటిలో పెద్ద అంకె దగ్గర పెట్టండి.

వాల్వులన్నీ తీసేసి, 60 వాట్ల బల్బుతో స్విచ్చు వేయండి. బల్బు వెలగకూడదు, లేదా చాలా మసకగా ఉండాలి. నిండుగా వెలిగితే ట్రాన్స్‌ఫార్మర్ లోపల షార్ట్, లేదా వైరింగులో తప్పు, ఆపేయండి. బాగుంటే రెక్టిఫయర్ తప్ప మిగతా వాల్వులు పెట్టండి, హీటర్లు ఎర్రగా కనిపించాలి. ఏదైనా వెలగకపోతే దాన్ని తీసి హీటర్ పిన్నుల మధ్య మీటరు పెట్టి చూడండి, నేను పైన చెప్పిన నాలుగు E వాల్వులకూ నాలుగు, ఐదు పిన్నులే హీటర్లు. తర్వాత రెక్టిఫయర్ పెట్టి, స్పీకరు తప్పనిసరిగా తగిలించి, 100 వాట్ల బల్బుతో మళ్ళీ స్విచ్చు వేయండి. స్పీకరు లేకుండా నడిపితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి మళ్ళీ ముప్పు. ఈసారి బల్బు కొంచెం వెలుగుతుంది, అది సహజమే, కానీ నిమిషం గడిచేకొద్దీ వెలుగు పెరుగుతూ పోతే ఆపి తప్పు వెతకండి.

అంతా సవ్యంగా ఉంటే బల్బు తీసేసి నేరుగా ఇవ్వండి, వెంటనే మూడు కొలతలు తీసుకోండి. ఫిల్టర్ మీద దాదాపు 250 వోల్టులు. ఈఎల్84 మూడో పిన్ను మీద, కేథోడ్ రెసిస్టర్ ఉన్న సెట్లలో, 7 వోల్టుల చుట్టుపక్కల. అవే సెట్లలో రెండో పిన్ను మీద సున్నా. రెండో పిన్ను మీద ఒక వోల్టు పాజిటివ్ కనిపించినా స్విచ్చు ఆపండి, కప్లింగ్ కండెన్సర్ లేదా వాల్వు, రెండిట్లో ఒకటి దోషి.

శబ్దం రాకపోతే

వాల్యూమ్ కంట్రోల్ మధ్య పిన్నును, పిడి బాగున్న స్క్రూడ్రైవర్ మొనతో తాకండి. స్పీకర్లో బుర్రుమంటే ఆడియో భాగం బాగున్నట్టే, తప్పు ముందు దశల్లో ఉంది. ఈసీహెచ్81లో ఆసిలేటర్, అంటే సెట్టు లోపలే తరంగాన్ని పుట్టించే భాగం, నడుస్తోందా లేదా అని తెలుసుకోవడానికి ఎస్.పి. రోడ్డులో ఒక పెద్దాయన నాకు చెప్పిన ఉపాయం ఉంది, "ఇంకో రేడియో పక్కన పెట్టుకో నాయనా, అదే చెబుతుంది" అన్నారు. సెట్టు డయల్‌ని బెంగళూరు ఆకాశవాణి 612 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టండి, పాత డయల్ మీద మీటర్లలో ఉంటే 490 దగ్గర. సెట్టు ఐఎఫ్, అంటే వచ్చిన ప్రతి స్టేషన్‌నూ లోపల మార్చుకునే స్థిరమైన ఫ్రీక్వెన్సీ, 455 కిలోహెర్ట్జ్ అయితే లోపలి ఆసిలేటర్ 612కి 455 కలిపి 1067 దగ్గర ఉండాలి. పక్కన చిన్న ట్రాన్సిస్టర్ రేడియోని 1067 దగ్గర పెట్టి వాల్వు సెట్టు నాబ్‌ని నెమ్మదిగా కదపండి, ట్రాన్సిస్టర్‌లో బుస్సుమనే శబ్దం ఒకచోట ఠక్కున మెత్తబడితే ఆసిలేటర్ నడుస్తున్నట్టే. ఏ పరికరమూ అక్కర్లేని ఈ పరీక్ష నాకు చాలా ఇష్టం.

ఐఎఫ్ డబ్బాల పైన కనిపించే స్క్రూలను మాత్రం తిప్పకండి. అవి ఇన్నేళ్ళూ కదలకుండా ఉంటే సరిగానే ఉంటాయి.

పెట్టె

చెక్క పెట్టె మీద పైపొర చాలా సన్నగా ఉంటుంది, ఇసుక కాగితంతో రుద్దితే లోపలి చెక్క బయటపడుతుంది. పిండిన తడి గుడ్డతో మురికి తీసి, ఆరాక లక్క పాలిష్ రెండు మూడు పల్చటి పూతలు వేయండి, చాలు. చిరిగిన స్పీకరు కోన్‌కి టిష్యూ కాగితం, నీళ్ళు కలిపిన ఫెవికాల్. అద్దంలా మెరిసిపోయేలా చేయాలని ఉబలాటపడకండి, పెట్టె మీద వేడి గ్లాసు పెట్టిన గుర్తు ఉంటే, ఎవరు పెట్టారో అమ్మమ్మను అడిగి తెలుసుకుని ఉంచేయండి.

వినడం

ఏడెనిమిది మీటర్ల వైరు బాల్కనీలో కట్టి ఏరియల్ సాకెట్టుకి ఇవ్వండి. అపార్ట్‌మెంటులో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు మీడియం వేవ్ నిండా గరగర పోస్తాయి, మీ ఇంట్లోవి ఒక్కొక్కటిగా ఆపి ఏది ఎక్కువ గోల చేస్తోందో కనిపెట్టండి. మొదటి రోజు పది నిమిషాలు, మర్నాడు అరగంట, అలా నడపండి, ట్రాన్స్‌ఫార్మర్ మీద చేయి ఆనించలేనంత వేడెక్కితే ఆపండి. మీరు మార్చినవన్నీ, తేదీతో సహా, ఒక చీటీ మీద రాసి పెట్టె లోపల అంటించండి, మీ తర్వాత దాన్ని విప్పేవాళ్ళకు కావాలి.

పగలు 612 గట్టిగా వస్తుంది. దూరం స్టేషన్లు చీకటి పడ్డాకే, ఎందుకంటే పగలు మీడియం వేవ్ తరంగాలను మింగేసే పై వాతావరణపు పొర రాత్రికి పలచబడి, ఇంకా పైనున్న పొర వాటిని మళ్ళీ కిందికి పంపుతుంది. తొమ్మిది దాటాక 358 మీటర్ల దగ్గర, అంటే 837 దగ్గర, నాబ్‌ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ విజయవాడ కోసం వెతకండి. దొరికిన తెలుగు గొంతు కాసేపు నిండుగా ఉండి, మెల్లగా దూరమైపోయి, మళ్ళీ వస్తుంది. అలా రావడం పోవడం ఆకాశం పని, సెట్టు బాగానే ఉంది, స్క్రూడ్రైవర్ డబ్బాలో పెట్టేయండి.